సమాధానం: భూటాన్ పెద్దాయన చెప్పిన పుట్టిన సంవత్సరం ఎందుకు తేలట్లేదంటే

భూటాన్‌లో ఒక పెద్దాయన 'ఎలుక సంవత్సరంలో పుట్టాను' అన్నారని, అది ఏ సంవత్సరమో తేలట్లేదని అడిగారు. అక్కడ సంవత్సరానికి ఒక జంతువు, ఒక మూలకం కలిపి పేరు పెడతారు. మీరు జంతువు పేరు ఒక్కటే రాసుకున్నారు, చిక్కంతా అక్కడే. 'ఎలుక సంవత్సరం' ప్రతి 12 ఏళ్లకీ వస్తుంది కాబట్టి ఆయన 1924లో పుట్టి ఉండొచ్చు, 1936 కావచ్చు, 1948 కూడా కావచ్చు.

1. చాలామంది వదిలేసే ప్రశ్న: ఏ ఎలుక? కొయ్య, నిప్పు, మట్టి, ఇనుము, నీరు, ఈ ఐదు మూలకాల్లో ఏదో తప్పకుండా అడగండి. జంతువు, మూలకం రెండూ కలిస్తే 60 ఏళ్లకు ఒక్కసారే వస్తుంది. నిప్పు ఎలుక అన్నారంటే 1936, మట్టి ఎలుక అయితే 1948. మన ప్రభవ, విభవ లెక్కకు ఇది చుట్టమే, వాళ్ల 60 ఏళ్ల చక్రం పేరు 'రబ్‌జుంగ్'కి అర్థం కూడా ప్రభవే, పోయినసారి మొదలైంది కూడా మన ప్రభవ వచ్చిన 1987లోనే.

2. అక్కడ పుట్టగానే ఒక ఏడాది అని లెక్కపెట్టే అలవాటు ఉంది, అందుకే వయసు ఒకటి ఎక్కువ వస్తుంది.

3. అక్కడి కొత్త సంవత్సరం ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. 1937 జనవరిలో పుట్టినా ఎలుకే.

4. ఆయనకు మూలకం గుర్తులేకపోతే, 1952లో భూటాన్ మూడో రాజు గద్దెనెక్కినప్పుడు మీరెంత ఉన్నారని అడగండి.

ఆయన అన్న మాట అన్నట్టే ముందు రాయండి, మన లెక్క పక్కన విడిగా.