మెడ వంగే టార్చ్ కొనొచ్చు, కానీ ఆ మెడ చూసి కొను

తమ్ముడూ, ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, మెడ వంగే టార్చ్ తీసుకోవచ్చా అని అడిగావుగా. నీ పనికైతే తీసుకో, అడుగున అయస్కాంతం ఉన్నదే తీసుకో, ఛాసిస్‌కి అతికించి తల 90 డిగ్రీలు వంచావంటే వెలుగు సరిగ్గా నట్టు మీదే పడుద్ది, మామూలు టార్చ్ నోట్లో పెట్టుకుని తిప్పలు పడక్కర్లేదు.

అసలు ఇబ్బందంతా ఆ మెడ దగ్గరే. వంచినప్పుడల్లా లోపలి వైరు నలుగుద్ది. నా పాతదానికి ఏడాది తిరక్కుండానే తల కొంచెం కదిపితే చాలు లైటు ఆరిపోయి మళ్ళీ వెలిగేది, విప్పి చూస్తే మలుపు దగ్గర తొడుగు చిట్లిపోయి రాగి పోగులు రెండో మూడో మిగిలాయి, చాలా బాధేసింది. అందుకే షాపులోనే ఓ ఇరవైసార్లు వంచి చూడు, ఇప్పుడే వదులుగా ఉందంటే రేపు ఇంజన్ అదురుకి తల దానంతటదే వాలిపోద్ది.

వాటర్ సర్వీసింగ్ దగ్గర కూడా వాడతానంటే టార్చ్ నీళ్ళని ఎంత తట్టుకుద్దో చెప్పే రేటింగ్ చూడు, ఐపీఎక్స్4 సరిపోదు, అది చిలకరింపులకే, ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుద్ది. బయటికి తీసి మార్చుకునే 18650 సెల్ (మళ్ళీ మళ్ళీ చార్జింగ్ పెట్టుకునే లిథియం సెల్) ఉంటే ఇంకా మేలు. రాత్రిపూట దూరం చూడ్డానికైతే మాత్రం మామూలు టార్చే కొనుక్కో.