ఆపరేషన్ థియేటర్ (ఓటీ) డ్యూటీలో నడుం నొప్పి: పాపను కోర్సు మాన్పించాలా?

ప్రశ్న: సార్, మాది ఆదోని. పత్తి మార్కెట్‌లో హమాలీ పని చేసి చేసి నా నడుం పోయింది. మా పాప కర్నూలులో బీఎస్సీ అనస్తీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ మూడో ఏడు చదువుతాంది. ప్రాక్టికల్స్‌కు ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపిస్తాండారు. ఆర్నెల్ల నుంచి నడుం నొప్పి అంటాంది. ఆడపిల్ల, చదువులోనే ఇట్లుంటే రేపు ఉద్యోగంలో ఎట్ల? మాన్పించి వేరేది చేర్పించమంటారా? నడుం బెల్టు కొనిస్తే సరిపోతుందా?

జవాబు: మాన్పించకండి. మూడో ఏడు దాకా వచ్చింది, మిగిలింది కొంచెమే. మీరు రాసిందాన్ని బట్టి, పాప ఒళ్ళు ఆ పనికి తట్టుకోలేకపోవడం కన్నా ఆ పని చేయిస్తున్న తీరులోనే తప్పుందని నాకనిపిస్తోంది. తీరు మార్చుకోవచ్చు. అలాగని ఆర్నెల్ల నొప్పిని చిన్నది అనుకోవద్దు. ముందు డాక్టరుకు చూపించాలి, ఆ సంగతి కింద రాస్తాను.

"ఆడపిల్ల" అన్నారు. ఆ ఆలోచన మనసులోంచి తీసేయండి. ఓటీలో నడుం నొప్పి సర్జన్లకూ ఉంది, మత్తు డాక్టర్లకూ ఉంది, సిస్టర్లకూ వార్డ్ బాయ్‌లకూ ఉంది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాళ్ళకు కూడా డిస్కు జారుతుంది.

బయటివాళ్ళకు ఓటీ అంటే ఏసీ గదిలో నిలబడి కత్తెరలు అందించడమే. ఆ నిలబడటంలోనే సగం బాధ ఉంది. ఒకసారి స్క్రబ్ అయ్యాక, అంటే చేతులు శుభ్రంగా కడుక్కుని గౌను, గ్లౌజులు వేసుకున్నాక, చేతులు నడుం కిందికి దించకూడదు, గోడకు ఆనుకోకూడదు, కేసు అయ్యేదాకా కదలడానికి పెద్దగా వీలుండదు. టేబుల్ ఎత్తు సర్జన్‌కు సరిపోయేలా పెడతారు. ఆయన ఆరడుగులుంటే ఐదడుగుల అమ్మాయి భుజాలు పైకెత్తి, వీపు విరుచుకుని నిలబడాలి. ఆయన పొట్టిగా ఉంటే పక్కనున్న పొడుగువాళ్ళు మెడ వంచాలి. గంటల తరబడి ఒకే తీరున బిగబట్టి ఉంటే ఏ కండరమైనా పట్టేస్తుంది.

ఇక బరువు. మోకాలి ఆపరేషన్‌కు ముందు కాలంతా మందుతో తుడిచి, గుడ్డలు కప్పేదాకా ఎవరో ఒకరు ఆ కాలు ఎత్తి పట్టుకోవాలి. చాలాచోట్ల ఆ పని స్టూడెంట్లకే వస్తుంది. డెబ్బై కిలోల మనిషి కాలు ఒక్కటే సుమారు 11 కిలోలు ఉంటుంది. అదీ చేతులు చాపి, టేబుల్‌కు తగలకుండా పట్టుకోవాలి. వెన్నులో ఇచ్చిన మత్తు ఎక్కాక పేషెంటు ఇసుమంత కూడా సాయం చేయలేడు, బరువంతా పట్టుకున్నవాళ్ళదే. కేసు అయ్యాక అదే పేషెంటును టేబుల్ మీంచి ట్రాలీ మీదికి మార్చాలి. ఆ టైముకు వార్డ్ బాయ్ ఇంకో ఓటీలో ఉంటాడు, బయట తర్వాతి కేసు సిద్ధంగా ఉంటుంది. "రా పాపా, ఇద్దరం లాగేద్దాం" అంటారు. దుప్పటి అంచు పట్టుకుని, టేబుల్ మీదుగా ముందుకు వంగి, నడుం తిప్పుతూ లాగుతారు. వంగడం, తిప్పడం, లాగడం మూడూ ఒకేసారి. నడుం దెబ్బతినడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

మీకు ఇది నాకన్నా బాగా తెలుసు. మూట మీ వీపుకెక్కేటప్పుడు ఇద్దరు పట్టి ఎత్తిస్తారు, మీరొక్కరే నేల మీంచి లాగి ఎత్తుకోరు. ఆ కట్టుబాటు మార్కెట్‌లో ఉంది, చాలా ఓటీల్లో లేదు. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ నియాష్ పరిశోధకులు 2007లో ఒక లెక్క చెప్పారు: పేషెంటును ఎత్తేటప్పుడు ఒక్కొక్కరి మీద పడే బరువు సుమారు 16 కిలోలు దాటితే యంత్రమో, జారుడు బోర్డు లాంటి సాధనమో వాడాలి. అది కూడా బరువు ఒంటికి దగ్గరగా ఉండి, వంగకుండా, తిరగకుండా పట్టుకున్నప్పటి మాట. చేతులు చాపితే ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. డెబ్బై కిలోల పేషెంటును ఇద్దరు అమ్మాయిలతో లాగించడం ఎంత తప్పో దీన్ని బట్టి చూడండి.

పాపకు ఆర్థో (ఎముకల) ఓటీలో డ్యూటీ ఎక్కువ పడుతుంటే ఇంకో సంగతి కూడా ఉంది. ఆపరేషన్ చేస్తూనే ఎక్స్‌రే చూపించే సీ-ఆర్మ్ మిషన్ వాడే కేసుల్లో, ఎక్స్‌రే తగలకుండా సీసంతో చేసిన లెడ్ ఏప్రాన్ వేసుకోవాలి. అది మామూలుగా అయిదారు కిలోలు ఉంటుంది, బరువంతా భుజాల మీద, నడుం మీద పడుతుంది. నొప్పి అని దాన్ని వేసుకోకుండా ఉండమని ఎవరు చెప్పినా వినొద్దనండి, రేడియేషన్‌తో ఆటలొద్దు. పైదీ కిందిదీ వేరుగా ఉండే రెండు ముక్కల ఏప్రాన్ ఉంటే అది అడగాలి. ఒకటే ముక్క ఉంటే నడుం దగ్గర పట్టీ గట్టిగా బిగించాలి, అప్పుడు కొంత బరువు తుంటి మీదికి దిగుతుంది. సీ-ఆర్మ్ పని అయిపోయి, స్క్రబ్‌లో లేకుంటే వెంటనే విప్పేయాలి. కేసుకూ కేసుకూ మధ్య కూడా దాన్ని ఒంటి మీదే ఉంచుకుని తిరగడం చాలామందికి అలవాటు.

పాప రేపటి నుంచే చేయగలిగినవి కొన్ని చెప్తాను. నిలబడేటప్పుడు ఫుట్‌స్టెప్ (కాలి కింద వేసుకునే చిన్న పీట) అడగాలి. ఎత్తు సరిపోతే ఒక కాలు దాని మీద, ఇంకోటి కింద పెట్టి, కాసేపటికొకసారి మార్చుకోవాలి. కాలు పట్టుకునేటప్పుడు మోచేతులు ఒంటికి ఆనించి, పాదాలు ఎడంగా పెట్టి, కాలుకు వీలైనంత దగ్గరగా నిలబడాలి. కాలును ఎత్తి నిలిపే లెగ్ హోల్డర్ ఉంటే దాన్నే వాడాలి. ఒంట్లో ప్లేట్లు, రాడ్లు అమర్చే ఇంప్లాంటు కేసులకు పరికరాల ట్రేలు చాలా వస్తాయి. రెండుమూడు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని మోయకుండా బండి మీద తోసుకెళ్ళాలి. పేషెంటును మార్చేటప్పుడు టేబుల్, ట్రాలీ ఒకే ఎత్తులో ఉన్నాయా, ట్రాలీ చక్రాలకు లాక్ పడిందా చూడాలి. పేషెంటును దొర్లించి జరిపే రోలర్ బోర్డు చాలా ఓటీల్లో ఏదో మూలన దుమ్ము పట్టి ఉంటుంది, దాన్ని తెచ్చుకోవాలి. తల దగ్గర మత్తు డాక్టరు, అటూ ఇటూ మనుషులు, కాళ్ళ దగ్గర ఒకరు. నలుగురికి తక్కువ కాకుండా ఉంటేనే లెక్క పెట్టి అందరూ ఒకేసారి జరపాలి.

ఇదంతా చెప్పడం తేలిక. ఇంటర్నల్ మార్కులు చేతిలో పెట్టుకున్న సీనియర్ల ముందు మూడో ఏడు అమ్మాయి "నేను లాగను" అనలేదని నాకు తెలుసు. అలా అనక్కర్లేదు. "సిస్టర్, ఒక్క నిమిషం, వార్డ్ బాయ్‌ని పిలుచుకొస్తా, పేషెంటు జారితే కష్టం" అంటే చాలు. పేషెంటు భద్రత పేరు చెప్తే ఎవరూ కాదనలేరు, పైగా అది నిజం. ఇద్దరు లాగే పేషెంటు పడిపోవచ్చు, గాయంలో పెట్టిన డ్రెయిన్ గొట్టం ఊడిపోవచ్చు, మత్తులో ఉన్నవాళ్ళ మెడ వాలిపోవచ్చు. అయినా రోజూ అదే జరుగుతుంటే కాలేజీ ప్రిన్సిపాల్‌ను మీరే కలవండి. ఫీజు కడుతున్నది నేర్చుకోవడానికి, వార్డ్ బాయ్ లోటు పూడ్చడానికి కాదు. ఈ మాట అడగడానికి మీరు మొహమాటపడాల్సిన పనిలేదు.

బెల్టు సంగతి. దానికి డబ్బు పెట్టకండి. బెల్టు కట్టుకుంటే పనిలో నడుం దెబ్బతినకుండా ఉంటుందని రుజువు కాలేదు. పైగా బెల్టుంది కదా అని మోయకూడని బరువు మోస్తారు. ఆ డబ్బుతో మడమ బాగా పట్టి ఉంచే, అడుగు మెత్తగా ఉండి జారని చెప్పులు కొనివ్వండి. ఓటీలో అందరూ వాడే పలుచటి రబ్బరు స్లిప్పర్లతో రోజంతా నిలబడితే మోకాళ్ళు, నడుం రెండూ పోతాయి. బయటి చెప్పులు లోపలికి రానివ్వరు కాబట్టి, ఓటీకని విడిగా ఒక జత అక్కడే ఉంచుకుంటానని ఇంచార్జి సిస్టర్‌ను ముందే అడగాలి.

ఇక డాక్టరు. కర్నూలు పెద్దాసుపత్రి ఆర్థో ఓపీకి తీసుకెళ్ళండి. ఏ డ్యూటీలో, ఏ పని చేసినప్పుడు నొప్పి ఎక్కువవుతోందో పాప ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది. ఫిజియోథెరపీ రాస్తే మధ్యలో ఆపకుండా చేయించండి. పాప వెంట వెళ్ళినప్పుడు మీ నడుం కూడా చూపించుకోండి. కండరాల నొప్పి అని తేలితే రోజుల తరబడి మంచం మీద పడుకోబెట్టకండి, నడుస్తూ ఉంటేనే తొందరగా తగ్గుతుంది. కానీ నొప్పి కాల్లోకి జారి పాదం పైకి లేవకుండా వాలిపోతున్నా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా ఓపీ టైము కోసం చూడకుండా అప్పటికప్పుడు క్యాజువాలిటీకి తీసుకెళ్ళాలి.

ఉద్యోగం వెతికేటప్పుడు పిల్లలు జీతం ఒక్కటే అడుగుతారు. పాపను ఇవి కూడా అడగమనండి: ఒక్కో ఓటీకి టెక్నీషియన్లు ఎంతమంది, వార్డ్ బాయ్‌లు ఎంతమంది, రోలర్ బోర్డు ఉందా, రాత్రి ఎమర్జెన్సీ చేసినవాళ్ళకు మర్నాడు సెలవిస్తారా. జవాబు సూటిగా రాకపోతే అక్కడ ఎలా ఉంటుందో అర్థం చేసుకోవచ్చు. వెయ్యి రూపాయలు తక్కువిచ్చినా మనుషులు సరిపడా ఉన్న ఆసుపత్రే మేలని నా అభిప్రాయం. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కడుతున్నారో లేదో చూసుకోవాలి. పాప జీతంలో పోయేది 0.75 శాతమే, యాజమాన్యం 3.25 శాతం వేస్తుంది. పనిలో దెబ్బ తగిలి డ్యూటీకి రాలేకపోతే జీతంలో 90 శాతం దాకా ఈఎస్ఐ ఇస్తుంది. అందుకే పేషెంటును లాగుతుంటే నడుం పట్టేసిందనుకోండి, ఆ రోజే యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించుకోవాలి. వారం తర్వాత చెప్తే ఇంట్లో పట్టేసిందంటారు.

డాక్టరు చూసి, డిస్కు తేడాగా ఉంది, బరువులు వద్దని చెప్తే కూడా కోర్సు పూర్తి చేయించండి. ఈ డిగ్రీతో మత్తు మిషన్లు, మానిటర్లు అమ్మే కంపెనీల్లో వాటిని ఆసుపత్రి సిబ్బందికి నేర్పే ఉద్యోగాలున్నాయి. పారామెడికల్ కాలేజీల్లో ట్యూటర్‌గా చేరొచ్చు, ఆసుపత్రి అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేయొచ్చు. ఆపరేషన్ పరికరాలను క్రిములు లేకుండా శుద్ధి చేసే స్టెరిలైజేషన్ విభాగంలోకి మారితే తేలికని కొందరు చెప్తారు, కానీ అక్కడ రోజంతా ట్రేలు ఎత్తి దించడమే పని, నడుం బాగాలేనివాళ్ళకు అది వద్దు. డాక్టరు ఏం చెప్పారో రాయండి. దాన్ని బట్టి ఇంటర్న్‌షిప్‌కు ఏ విభాగం అడగాలో చెప్తాను.