మా చిక్కుడు తీగకు నేను చేసిన ఉపకారం

‘ఆహారపు గొలుసులో ఒక్క జీవి పోతే నిజంగా కొంపలు మునుగుతాయా, లేక పుస్తకాల్లో ఊరికే భయపెడతారా?’ అని అడిగారు. మునుగుతాయండీ. నేనే ఒకసారి ముంచాను.

కొన్నేళ్ల క్రితం డాబా మీద రెండు కుండీల్లో చిక్కుడు వేశాను. తీగ నిండా పూత వచ్చింది. ఒకరోజు చూస్తే లేత కొసలన్నీ నల్లబడి ఉన్నాయి. పేనుబంక! ఆవగింజంత పురుగులు సందు లేకుండా అంటుకుపోయి, వాటి పక్కనే పైకీ కిందికీ చీమల బారు. వాటి మధ్య ఇంకో రకం పురుగు కనిపించింది. అరంగుళం కూడా లేదు. నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు, వీపు మీద ముళ్లు, అచ్చం బొమ్మ మొసలి. అసలు దొంగ ఇదే అనుకున్నాను. ఆకు ఆకూ తిప్పి ఏడెనిమిదింటిని వెతికి మరీ నలిపేశాను. తర్వాత పురుగుమందు కలిపి, తీగంతా తడిసి కారేదాకా కొట్టాను.

మూడు రోజులు తీగ కళకళలాడింది. నా టెన్షన్ పోయింది. రెండు వారాలకి పేనుబంక మళ్లీ వచ్చింది. ఈసారి కొసలతో సరిపెట్టలేదు, కాడలు, పూత, పిందెలు అన్నీ పట్టేసింది. ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద మసిలాంటి బూజు. మళ్లీ మందు కొట్టాను, మళ్లీ వచ్చింది. ఆ ఏడు ఒక్క కాయ కొయ్యలేదు.

ఆ బొమ్మ మొసలి అక్షింతల పురుగు పిల్ల అని తర్వాత తెలిసింది. ఎర్రగా, గుండ్రంగా, చుక్కలతో ఉండే ఆ పురుగు చేతిమీద వాలితే మురిసిపోతాం. దాని పిల్లను మాత్రం గుర్తుపట్టం. ఆ పిల్ల పెద్దదయ్యేలోపు వందల పేనుబంక పురుగుల్ని తినేస్తుంది.

మందు రెండింటినీ చంపింది కదా, మరి పేనుబంకే ఎందుకు గెలిచింది? ఆడ పేనుబంకకు మగదానితో పనిలేదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ కంటాయి. అక్షింతల పురుగుకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. పైగా చీమలు పేనుబంక వదిలే తీపి జిగురు కోసం దాన్ని గొడ్లను కాచినట్టు కాస్తాయి, తినడానికొచ్చిన వాటిని తరిమేస్తాయి. బడిలో మాతో గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని వరసగా బాణాలు గీయించారు. పది మార్కులు కూడా వేశారు. ఆ బాణాల్లో చీమ ఎక్కడుంది? కాపలా ఎక్కడుంది? ఆ బొమ్మ వల్లే జనానికి ప్రకృతి అంటే నిచ్చెనలా కనిపిస్తుందని నా గట్టి నమ్మకం.

నాలాంటి తెలివితోనే 1958లో చైనా ప్రభుత్వం ధాన్యం తింటున్నాయని పిచ్చుకల మీద యుద్ధం ప్రకటించింది. జనం డప్పులు, గిన్నెలు వాయిస్తూ, అవి అలసి నేలరాలేదాకా ఎక్కడా వాలనివ్వలేదు. పిచ్చుకలు పురుగుల్ని కూడా తింటాయని శాస్త్రవేత్తలు మొత్తుకున్నాక, 1960లో చంపాల్సిన జాబితాలోంచి పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చారు. అప్పటికే పంటల మీద పురుగు పెరిగిపోయింది. ఆ కాలపు కరువుకు పెద్ద కారణాలు వేరే ఉన్నాయి గానీ, ఈ నిర్వాకం దానికి తోడైంది. నాకు పోయింది రెండు కుండీల చిక్కుడే.

ఇప్పుడు పేనుబంక కనబడితే పైపుతో గట్టిగా నీళ్లు చిమ్మి కొంత రాలగొడతాను, మిగతాది వదిలేస్తాను. చీమలెక్కకుండా కుండీలను నీళ్ల పళ్లెంలో ఇటుకల మీద పెట్టాను. కాయలు కాస్త తక్కువే. మొన్న ఒక ఆకు అడుగున పసుపు రంగు గుడ్లు గుత్తిగా నిలబడి ఉన్నాయి, అక్షింతల పురుగువి. మా అమ్మ చూసి స్ప్రే డబ్బా ఎక్కడ పెట్టావని అడిగింది. తెలీదన్నాను.