రాత్రి ఏడున్నరకి ఇల్లు చేరితే ఎనిమిదింటికి ఏం వండుకోవచ్చు?

ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర అవుతోంది, చైనీస్, థాయ్ తరహాలో నూనె తక్కువగా, అరగంటలో అయిపోయేవి చెప్పండి, ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది అని అడిగారు కదా. మేము సింగపూర్‌లో ఏడేళ్లు ఉండి వచ్చాం, ఇద్దరివీ ఉద్యోగాలే, కాబట్టి ఈ టెన్షన్ నాకు బాగా తెలుసు. థాయ్ వంట నేను ఇంట్లో పెద్దగా చెయ్యలేదు, చేసినవే చెప్తాను.

మనకి చైనీస్ అనగానే మంచూరియా, షెజ్వాన్ నూడుల్స్ గుర్తొస్తాయి. అవి మన దేశంలో పుట్టి పెరిగిన రుచులు, వేయించి సాస్‌లో కలిపేవి, రోజూ రాత్రి తినదగ్గవి కావు. అక్కడ మా పక్క ఫ్లాట్‌లో ఉండే చైనీస్ ఆంటీ వాళ్లింట్లో రాత్రిపూట తెల్లన్నం, ఒక ఆకుకూర, గుడ్డో చేపో, పల్చటి సూపు. మన అన్నం, కూర, చారు లాంటి భోజనమే. అది చూశాక నేను సాస్ సీసాలు కొనడం మానేసి, ఆవిడ వంటలే నేర్చుకున్నాను.

మొదట నేర్చుకున్నది టమాటా గుడ్డు. చైనాలో ఇంటింటా చేసుకునే కూర ఇది. మూడు గుడ్లు ఉప్పేసి గిలక్కొట్టి, రెండు చెంచాల నూనె బాగా కాగాక పోసి, సగం గట్టిపడగానే, ఇంకా మెత్తగా తడిగా ఉండగానే, పళ్లెంలోకి తీసెయ్యాలి. అదే బాణలిలో బాగా పండిన టమాటాలు రెండు మూడు ముక్కలు చేసి వేసి, ఉప్పు, అర చెంచా పంచదార వేస్తే నాలుగైదు నిమిషాల్లో రసం ఊరుతుంది. అప్పుడు గుడ్డు మళ్లీ వేసి ఒక్కసారి కలిపి, ఉల్లికాడలు చల్లి దించెయ్యడమే. పంచదార మానెయ్యకండి, టమాటా పులుపు దానితోనే సర్దుకుంటుంది. కారం లేదు కాబట్టి మీ పాప కూడా తింటుంది, ఆ రసం అన్నంలో కలిపితే మా పిల్లలు మారు అడుగుతారు.

రెండోది తూటికూర. అక్కడ కాంగ్‌కాంగ్ అంటారు, ప్రతి మార్కెట్లో దొరుకుతుంది. మన దగ్గర మురుగు చేరిన చెరువుల్లోనూ పెరుగుతుంది కాబట్టి ఎక్కడి నుంచి తెచ్చారో అడిగి కొనండి, నమ్మకం లేకపోతే పాలకూర వాడుకోండి. వెల్లుల్లి ఐదారు రెబ్బలు చితక్కొట్టి నూనెలో వేసి, వాసన రాగానే కాడలు, ఒక నిమిషం ఆగి ఆకులు, ఇంకో నిమిషంలో స్టవ్ కట్టెయ్యాలి.

నాకు మొదటి ఆరు నెలలు ఈ కూరలు అస్సలు కుదరలేదు. క్యారెట్, బీన్స్, క్యాప్సికమ్, పుట్టగొడుగులు అన్నీ కడిగి తడి మీదే ఒకేసారి కుమ్మరించేదాన్ని, నీళ్లూరి చప్పగా ఉడికిపోయేవి. ఒకరోజు ఆంటీ వచ్చి బాణలి చూసి, ముక్కల్లో సగం తీసి పక్కన పెట్టేసింది. అంతే, మిగతా సగం చురచురమంటూ వేగడం మొదలైంది. మన ఇళ్లలో మంట హోటల్ పొయ్యి అంత ఉండదు, కాబట్టి కొంచెం కొంచెంగా రెండు విడతలుగా వేయించాలి, ముక్కల తడి బట్టతో అద్దెయ్యాలి, బాణలి ముందే బాగా కాగాలి. చికెన్ అయితే సన్నగా కోసి, చెంచా కార్న్‌ఫ్లోర్, చెంచా సోయా సాస్ పట్టించి పది నిమిషాలు ఉంచితే మెత్తగా ఉంటుంది. పొద్దున్నే కూరలు కోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రాత్రి పొయ్యి దగ్గర పది నిమిషాలు కూడా పట్టదు.

ఆరోగ్యం అన్నారు కాబట్టి సోయా సాస్ సంగతి తప్పక చెప్పాలి. ఒక టేబుల్ స్పూన్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, రోజంతటికీ 2000 లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా అత్తయ్యగారికి బీపీ, అందుకే నలుగురికీ కలిపి ఒక్క టేబుల్ స్పూన్ వేసి, ఆ కూరలో ఇక ఉప్పు వెయ్యను. రుచి తగ్గకుండా నువ్వులు దోరగా వేయించి దంచి పైన చల్లుతాను. చైనీస్ వాళ్లు వాడే నూనె వేయించిన నువ్వులది, మన మామూలు నువ్వుల నూనెకి ఆ వాసన రాదు, దంచిన నువ్వులతో చాలావరకు వస్తుంది.

వండే ఓపిక అస్సలు లేని రోజు పాపకి ఆవిరి గుడ్డు చెయ్యండి. ఒక గుడ్డుకి రెండింతలు గోరువెచ్చటి నీళ్లు, చిటికెడు ఉప్పు కలిపి, వడకట్టి, గిన్నె మీద మూత పెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు ఆవిరికి ఉడికించాలి. మంట పెద్దది చేస్తే గుల్లగుల్లగా అయిపోతుంది, సన్న సెగ మీదైతే జున్నులా వస్తుంది. అన్నం మిగిలితే బయట వదిలెయ్యకుండా చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు రాత్రి గుడ్డు, బఠాణీ వేసి ఫ్రైడ్ రైస్ చేసుకోవచ్చు, అప్పటికి మెతుకులు విడివిడిగా ఉంటాయి.