స్టేట్ బ్యాంకు పుట్టింది 1806లోనా, 1941లోనా?

స్టేట్ బ్యాంకు చరిత్ర మీద ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో గుమాస్తాగా చేరి, ఫీల్డ్ ఆఫీసరుగా ఊళ్లు తిరిగి రిటైరైనవాణ్ణి కాబట్టి జవాబులు నన్నే రాయమన్నారు సంపాదకులు.

మా నాన్నగారు దాన్ని "హైదరాబాద్ బ్యాంకు" అనేవారు. ఇప్పుడు బోర్డు మీద స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అని ఉంది. పుట్టిన సంవత్సరం ఒకచోట 1806 అని, ఇంకోచోట 1941 అని చదివాను. ఏది నిజం? (ఒక పాఠకురాలు, జనగామ)

రెండూ నిజమేనమ్మా. రెండు వేర్వేరు బ్యాంకులు 2017లో ఒకటయ్యాయి, అందుకే ఈ అయోమయం.

1806 స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు మూలమైన బ్యాంకుది, ఆ కథ తర్వాతి జవాబులో చెబుతాను. 1941 మీ నాన్నగారి బ్యాంకుది. ఆ ఏడు ఆగస్టు 8న నిజాం సర్కారు చట్టం చేసి "హైదరాబాద్ స్టేట్ బ్యాంక్" నెలకొల్పింది. వాటాల్లో 51 శాతం సర్కారువే. 1942 ఏప్రిల్ 5న హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచారు. అప్పటికి సంస్థానానికి సొంత నాణెం ఉండేది, ఉస్మానియా సిక్కా. జనం హాలీ రూపాయి అనేవారు, బ్రిటిష్ రూపాయిని కల్దారు అనేవారు. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు కల్దార్లకు సరి. మద్రాసుకో బొంబాయికో సరుకు పంపే వర్తకుడికి ఈ మారకం తప్పేది కాదు. ఆ సిక్కా వ్యవహారం, సర్కారు ఖజానా పని చూసుకోవడానికే ప్రధానంగా ఆ బ్యాంకు పెట్టారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖలో రిటైర్మెంటుకు దగ్గరపడిన హెడ్ క్యాషియరు గారు ఒకరు ఉండేవారు. హాలీ నుంచి కల్దారుకు ఎంత మొత్తం చెప్పినా, అణాలతో సహా, కాగితం ముట్టకుండా లెక్క చెప్పేసేవారు. హాలీ రూపాయి చెల్లుబాటు 1950ల్లోనే ఆగిపోయింది. ఆయన నోట మాత్రం ఆ లెక్క పోలేదు.

తర్వాతి సంగతులు తేదీల్లో చెప్పేస్తాను. 1953లో హైదరాబాద్ మర్కంటైల్ బ్యాంకు ఇందులో కలిసింది. 1956లో రిజర్వ్ బ్యాంకు చేతికి వచ్చి "స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్" అయింది. 1959లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ బ్యాంకయింది. ఇక్కడ ఒక మాట గర్వంగా చెప్పుకోవాలి. 1956లో హైదరాబాద్ రాష్ట్రం మూడు భాషల వారీగా విడిపోయింది కానీ మా బ్యాంకు విడిపోలేదు. నాందేడ్, ఔరంగాబాద్, రాయచూరు, గుల్బర్గా శాఖలు మాతోనే ఉన్నాయి. బదిలీల పుణ్యమా అని మాలో చాలామందికి తెలుగు, ఉర్దూతో పాటు మరాఠీయో కన్నడమో పట్టుబడింది.

1969లో బ్యాంకులను జాతీయం చేశారని పాఠం చెబుతాను. ఆ జాబితాలో స్టేట్ బ్యాంకు లేదు. మరి అది ప్రభుత్వానిది ఎప్పుడైంది? ఎందుకైంది? (ఒక ఉపాధ్యాయుడు, కాకినాడ)

మాస్టారూ, ఈ ప్రశ్న వేసినందుకు మీకు నమస్కారం. 1969 జూలై 19న 14 బ్యాంకులను, 1980 ఏప్రిల్ 15న మన ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో ఆరింటిని జాతీయం చేశారు. స్టేట్ బ్యాంకు సంగతి అంతకుముందే, 1955లోనే తేలిపోయింది. దాని చట్టమే వేరు.

ఎందుకు అన్నది తెలియాలంటే మొదటికి వెళ్లాలి. గవర్నర్ జనరల్ లార్డ్ వెల్లస్లీ టిప్పు సుల్తానుతో, మరాఠాలతో చేసిన యుద్ధాలు ఈస్టిండియా కంపెనీ ఖజానాను ఊడ్చేశాయి. అప్పు పుట్టాలి, నోట్లు చెలామణి కావాలి. అకౌంటెంట్ జనరల్ హెన్రీ సెయింట్ జార్జ్ టక్కర్ సూచన మీద 1806 జూన్ 2న బ్యాంక్ ఆఫ్ కలకత్తా మొదలైంది. మూలధనం 50 లక్షల సిక్కా రూపాయలు (ఇది అప్పటి బెంగాల్ నాణెం), అందులో అయిదో వంతు కంపెనీ సర్కారుది. 1809లో అది బ్యాంక్ ఆఫ్ బెంగాల్ అయింది. 1840లో బొంబాయి, 1843లో మద్రాసు బ్యాంకులు వచ్చాయి. మీ కాకినాడ రేవులో శాఖ నడిపింది ఈ మద్రాసు బ్యాంకే.

మూడూ సొంతంగా నోట్లు అచ్చువేసుకునేవి. 1861 చట్టంతో ఆ హక్కును ప్రభుత్వం తీసేసుకుని, బదులుగా ఖజానా పనిని వాటికి అప్పగించింది. ట్రెజరీ చలాను అనగానే మన పెద్దవాళ్లు స్టేట్ బ్యాంకు దారి పట్టేవారంటే, ఆ అలవాటు అక్కడ మొదలైంది. బొంబాయి బ్యాంకు పత్తి ధరల జూదంలో పడి 1868లో మూతపడింది, మళ్లీ కొత్తగా పెట్టాల్సి వచ్చింది. 1921 జనవరి 27న మూడూ కలిసి ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బ్యాంకుల తొలి నిబంధనల ప్రకారం భూమి మీద, ఇంటి మీద అప్పు ఇవ్వకూడదు. గడువు మూడు నెలలు దాటకూడదు. వరి నాటి కోసి అమ్మేసరికి మూడు నెలలు సరిపోతాయా? రైతు దగ్గర తాకట్టుకు భూమి తప్ప ఇంకేముంటుంది? రైతు గడపలో అడుగు పెట్టకముందే తలుపు మూసేసిన నిబంధన అది. ఎగుమతి వర్తకుడికి మాత్రం సరిగ్గా సరిపోయింది. సరుకు ఓడెక్కుతుంది, డబ్బు వచ్చేస్తుంది. ఈ నిబంధన సంగతి చదివిన నాటి నుంచి నా మనసులో నుంచి పోలేదు, ఎందుకంటే నేను చేసిన ఉద్యోగమంతా దానికి ఎదురు దిక్కున సాగింది.

స్వాతంత్ర్యం వచ్చాక రిజర్వ్ బ్యాంకు 75 జిల్లాల్లోని 600 గ్రామాల్లో సర్వే చేయించింది. గోర్వాలా అధ్యక్షతన కమిటీ 1954లో నివేదిక ఇచ్చింది. 1951-52లో రైతులు చేసిన అప్పులో వాణిజ్య బ్యాంకులు ఇచ్చింది నూటికి 0.9. సహకార సంఘాలు 3.1. వడ్డీ వ్యాపారుల వాటా దాదాపు 70. దేశంలో అతిపెద్ద బ్యాంకు నడుస్తుండగా ఇదీ లెక్క. మా నల్లగొండ వైపు నాగుకు, అంటే ధాన్యం వడ్డీకి, వడ్లు తెచ్చి ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇచ్చిన కుటుంబాల్లో పుట్టినవాళ్లకు ఈ అంకెను వేరే ఎవరూ వివరించనక్కర్లేదు.

బలమైన ప్రభుత్వ బ్యాంకు ఊళ్లలోకి వెళ్లాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అలా 1955 జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయింది. మెజారిటీ వాటా రిజర్వ్ బ్యాంకుది, దాన్ని కేంద్ర ప్రభుత్వం 2007లో తీసుకుంది. అప్పటికి ఉన్న కార్యాలయాలు 480. అయిదేళ్లలో కొత్తగా 400 శాఖలు తెరవాలన్న బాధ్యత దాని మీద పెట్టారు. తెరిచింది కూడా. కమిటీ సభ్యుల్లో ఒకరైన బి. వెంకటప్పయ్య గారు 1962లో అదే బ్యాంకుకు చైర్మన్ అయ్యారు. సిఫారసు చేసిన మనిషికే దాన్ని నడిపే బాధ్యత కూడా దక్కడం అరుదు.

నేను ఫీల్డ్ ఆఫీసరుగా పహాణీ (పొలం రికార్డు) నకళ్లు సంచిలో వేసుకుని, బావి లోతు చూసి మోటారు లోనుకు సంతకం పెట్టినప్పుడు, బర్రె చెవి బిళ్ల నంబరు రాసుకున్నప్పుడు, అప్పు అడగడానికి వచ్చిన రైతును ముందు కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ణి. నిలబెట్టి మాట్లాడితే 1955 చట్టం దండగ అని నా నమ్మకం.

మీరు గౌరవించే స్టేట్ బ్యాంకు చైర్మన్ ఎవరు? (ఒక డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

ఆర్.కె. తల్వార్ గారు. 1969 నుంచి చైర్మన్. ఎమర్జెన్సీలో ఒక సిమెంటు కంపెనీకి రాయితీలు ఇవ్వమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. యాజమాన్యం మారితేనే ఇస్తామన్నది బ్యాంకు షరతు. ఆయన దాన్ని సడలించలేదు. రాజీనామా చేయమంటే చేయలేదు. కారణం చూపకుండా తొలగించే అధికారం అప్పటి చట్టంలో లేదు. 1976లో ఆ చట్టాన్నే సవరించి ఆయన్ను పంపించారు. ఒక మనిషిని కదిలించడానికి పార్లమెంటు దాకా వెళ్లాల్సి వచ్చింది, బాబూ. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని రాశావు కాబట్టి ఈ పేరు గుర్తుంచుకో.

నీలం రంగు గుండ్రటి గుర్తు అహ్మదాబాద్ కాంకరియా చెరువును చూసి గీసిందేనా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

అది బాగా ప్రచారమైన కథ. గుర్తును 1971లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన శేఖర్ కామత్ రూపొందించారు. మధ్యలో ఉన్నది తాళంచెవి రంధ్రం.

హైదరాబాద్ బ్యాంకును కలిపేయడం న్యాయమేనా? మా ఇంట్లో ఇప్పటికీ వాదన జరుగుతుంది. (ఒక పాఠకుడు, నాందేడ్)

2017 ఏప్రిల్ 1న మాతో పాటు మైసూరు, తిరువాన్కూరు, పటియాలా, బికనీర్-జైపూర్ స్టేట్ బ్యాంకులు, భారతీయ మహిళా బ్యాంకు కూడా కలిశాయి. సౌరాష్ట్ర 2008లో, ఇండోర్ 2010లో ముందే కలిశాయి. విలీనంతో స్టేట్ బ్యాంకు ప్రపంచంలోని మొదటి 50 పెద్ద బ్యాంకుల్లో చేరింది. పెద్ద ప్రాజెక్టులకు అప్పివ్వాలంటే అంత మూలధనం కావాలి, ఆ వాదన నేను ఒప్పుకుంటాను.

అయితే పక్కపక్కనే ఉన్నాయని శాఖలను కలిపేసినప్పుడు, క్యూ రెట్టింపై ఇబ్బంది పడింది పింఛను తీసుకునే ముసలివాళ్లే. ఒక ప్రాంతం పంటలు, ఆ రైతుల తీరు డెబ్బై అయిదేళ్లుగా తెలిసిన యంత్రాంగం చెదిరిపోవడం నష్టమే. ఆ నష్టం ఏ బ్యాలెన్సు షీటులోనూ కనిపించదు. మీ ఇంట్లో విలీనం వద్దన్నవారి పక్షమే నాది. 2024 ఆగస్టులో చైర్మన్ అయిన చల్లా శ్రీనివాసులు శెట్టి గారు గద్వాల ప్రాంతం వారు, రాజేంద్రనగర్‌లో వ్యవసాయశాస్త్రం చదివినవారు. పొలం గురించి తెలిసిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నందుకు మాత్రం నాకు నిజంగా సంతోషం.

తాతగారి పెట్టెలో ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) పాస్‌బుక్ దొరికింది. కొంత నిల్వ ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ డబ్బు వస్తుందా? (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

వస్తుందమ్మా, హక్కు పోదు. పదేళ్లకు పైగా లావాదేవీ లేని ఖాతాల డబ్బును బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర 2014లో ఏర్పడిన నిధికి పంపుతాయి. మీరు అడిగేది మాత్రం స్టేట్ బ్యాంకునే. వాళ్లు మీకు చెల్లించి ఆ నిధి నుంచి రాబట్టుకుంటారు. పాస్‌బుక్, తాతగారి మరణ ధ్రువపత్రం, వారసుల గుర్తింపు కాగితాలు తీసుకుని దగ్గరి శాఖకు వెళ్లండి. ఇతర వారసులుంటే వాళ్ల సంతకాలు కూడా అడుగుతారు. ముందుగా రిజర్వ్ బ్యాంకు 2023లో తెచ్చిన ఉద్గమ్ వెబ్‌సైటులో ఖాతా కనిపిస్తుందేమో చూసుకోండి, దానికి పైసా కట్టనక్కర్లేదు. కమీషను ఇస్తే డబ్బు తీసిస్తామని వచ్చేవాళ్లకు కాగితాలు ఇవ్వకండి. వెతికేటప్పుడు తాతగారి పేరును పాస్‌బుక్‌లో ఉన్న స్పెల్లింగుతోనే కొట్టండి. ఒకసారి ఇంటిపేరు ముందు, ఒకసారి వెనక పెట్టి చూడండి, పాత లెడ్జర్లలో రెండు రకాలుగానూ రాసేవాళ్లం.