మాగ్నెట్ తలుపుల గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వైజాగ్‌లో ఆసుపత్రి మెయింటెనెన్స్ చూసే ఉద్యోగంలో చేరావని అక్క చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలో కారిడార్ మధ్య రెండు రెక్కల ఫైర్ డోర్, గోడకి దాన్ని పట్టుకున్న మాగ్నెట్లు కనిపించాయి. ముప్పై ఏళ్ళు ఆ తలుపుల వెంటే తిరిగినవాణ్ణి, రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఒక తికమక తీర్చుకో. కార్డు గీకితే తెరుచుకునే తలుపుకి ఉండేది మాగ్నెట్ లాక్. దానికి కరెంటు పోతే తలుపు వదిలెయ్యాలి, మనుషులు బయటపడాలి. నీ కారిడార్‌లో ఉన్నది హోల్డర్, అంటే తలుపుని తెరిచి పట్టి ఉంచే మాగ్నెట్. అలారం మోగితే ఫైర్ అలారం ప్యానెల్ దాని కరెంటు ఆపేస్తుంది. దానికి కరెంటు పోతే తలుపు మూసుకోవాలి, పొగ అక్కడే ఆగాలి. మూసుకున్నాక కూడా చేత్తో తోస్తే రావాలి. పాత ఎలక్ట్రీషియన్లు కూడా ఈ రెండింటినీ కలిపేసుకుంటారు.

పొగ అని ఎందుకంటున్నానంటే, 2011 డిసెంబరులో కోల్‌కతాలో ఒక ఆసుపత్రి బేస్‌మెంట్‌లో అంటుకుంది. దాదాపు 90 మంది పోయారు. మంటకి కాదు, చాలామంది పై అంతస్తుల్లో మంచాల మీదే ఊపిరాడక.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. అప్పట్లో నెలకోసారి అలారం టెస్ట్ పెట్టి, ప్యానెల్‌లో లైటు వెలిగిందా లేదా చూసి రిజిస్టర్‌లో టిక్ కొట్టేవాణ్ణి. మాగ్నెట్ వదిలింది కదా, అయిపోయింది అనుకునేవాణ్ణి. ఒకరోజు పైకి వెళ్ళి తలుపు పక్కనే నిలబడ్డాను. రెక్కల మధ్య సందు మూసే పట్టీ ఉన్న రెక్క చివర పడాలి, కానీ అదే ముందు పడింది, రెండోది వచ్చి దానికి తగిలి ఆగింది. నాలుగు వేళ్ళ సందు! రెక్కలు వరుసలో పడేలా చూసే చిన్న చెయ్యి ఒకటి పైన ఉంటుంది. అది వంగిపోయి ఎన్నాళ్ళయిందో. ఆరు నెలల టిక్కులు నా చేతిరాతతోనే ఉన్నాయి.

అందుకే టెస్ట్ రోజు ప్యానెల్ దగ్గర ఒకణ్ణి పెట్టి, నువ్వు తలుపు దగ్గరుండు. గొళ్ళెం టక్కున పడిందా చూడు. ఏసీ గాలి చివరి రెండంగుళాల దగ్గర తలుపుని ఆపేస్తుంది, కొత్త మ్యాట్ వేస్తే దానికి అడుగు తగులుతుంది. ఏసీ నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి చూడు.

కరెంటు పోయినప్పుడల్లా తలుపులు దభేల్మంటున్నాయి, హోల్డర్లని విడిగా యూపీఎస్‌కి కలిపెయ్యమని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకు. ప్యానెల్‌ని దాటేసి కరెంటు ఇస్తే అలారం మోగినా మాగ్నెట్ వదలదు. దభేల్మనడం మాగ్నెట్ తప్పు కాదు, తలుపుని వెనక్కి లాగి మూసే క్లోజర్‌ది. దాని స్క్రూ కాస్త తిప్పి వేగం తగ్గించు.

అసలు తలనొప్పి జనరేటర్ వచ్చాక. మాగ్నెట్‌కి కరెంటు వస్తుంది గానీ తలుపు తనంతట తాను వెనక్కి వెళ్ళదు, ఎవరో నెట్టాలి. ఇద్దరు ఆయమ్మలు స్ట్రెచర్ తోసుకొస్తుంటే తలుపు నెట్టే తీరిక ఎవరికి? పక్కనున్న ఆక్సిజన్ సిలిండర్ అడ్డం పెట్టేస్తారు. అది అక్కడే ఉండిపోతుంది. వాళ్ళని తిట్టకు, నీ మనిషిని పంపి తలుపులు మళ్ళీ హోల్డర్‌కి తగిలించు. మూడోసారి కూడా సిలిండర్ కనిపిస్తే అది ఆయమ్మల తప్పు కాదు, నీ డ్యూటీ చార్టుది.

రంగులు వేసే రోజు పొగని పసిగట్టే డిటెక్టర్లకి ప్లాస్టిక్ మూతలు పెడతారు. ఆ రోజు ఆ అంతస్తులో తలుపులు చేత్తోనే మూయించు, మూతలు లెక్కపెట్టి వెనక్కి తీసుకో.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో అగ్ని భద్రత గురించిన నాలుగో భాగం ఆఫీసులో ఉందేమో చూడు, లేకపోతే తెప్పించు. ఫొటోలో ఎడమ రెక్క కింద ఏదో నల్లగా కనిపిస్తోంది. రబ్బరు ముక్క అయితే రేపే తీసేసి నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య