19 ఏళ్ల ఫర్నేస్: మోటారు మార్పించాలా, మొత్తం మార్చేయాలా?

ప్రశ్న: మాది ఒహాయోలో సొంత ఇల్లు, కొని ఐదేళ్లయింది. ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్‌కి 19 ఏళ్లు. 80 శాతం ఏఎఫ్‌యూఈ (కాల్చిన గ్యాస్‌లో ఇంటికి వేడిగా అందే వాటా), గంటకి 80,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్). ఏసీకి 11 ఏళ్లు. సర్వీసుకి వచ్చిన టెక్నీషియన్, వేడిగాలిని ఇల్లంతా తోసే బ్లోయర్ మోటారు బలహీనపడిందని, మార్చడానికి 700 డాలర్లని చెప్పాడు. ‘ఇంత పాతదాని మీద డబ్బు దండగ, 8,200కి 96 శాతంది పెట్టేస్తాం. గ్యాస్ ఆదాతోనే డబ్బు తిరిగొస్తుంది, ట్యాక్స్ క్రెడిట్ వస్తుంది, 18 నెలలు వడ్డీ లేదు’ అంటున్నాడు. మా గ్యాస్ బిల్లు ఏడాదికి 1,260 డాలర్లు. ఎమర్జెన్సీ ఫండ్ 14,000, నెల ఖర్చు 5,500. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. డిసెంబర్‌లో మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ట్యాక్స్ క్రెడిట్ సంగతి తేల్చేద్దాం. ఇంట్లో ఇంధనం ఆదా చేసే పరికరాలకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన ఆ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఆ తర్వాత బిగించిన ఫర్నేస్‌కి ఏమీ రాదు. అమల్లో ఉన్న చివరి ఏళ్లలో కూడా గ్యాస్ ఫర్నేస్‌కి గరిష్ఠంగా 600 డాలర్లే ఇచ్చేవారు, అదీ 97 శాతం, అంతకు పైబడిన మోడళ్లకి. మీకు చూపిస్తున్న 96 శాతం మోడల్‌కి అప్పుడూ వచ్చేది కాదు. గ్యాస్ కంపెనీ రిబేటు వేరే సంగతి. అది ఉందో లేదో అమ్మేవాళ్లని కాకుండా, మీ గ్యాస్ కంపెనీ వెబ్‌సైట్‌లోనే చూడండి.

ఇక గ్యాస్ ఆదా. 1,260 డాలర్లూ ఫర్నేస్ తాగేది కాదు. జూలై, ఆగస్టు బిల్లులు తీసి చూడండి. ఆ నెలల్లో వాటర్ హీటర్, స్టవ్, ఫిక్స్‌డ్ చార్జీ తప్ప ఇంకేమీ ఉండదు. అది నెలకి 30 డాలర్లనుకుంటే ఏడాదికి 360. మిగిలిన 900 వేడికి అయిన ఖర్చు. (చలికాలంలో కుళాయి నీళ్లు మరింత చల్లగా వస్తాయి కాబట్టి వాటర్ హీటర్ వాటా కాస్త పెరుగుతుంది. అంటే ఫర్నేస్ వాటా 900 కంటే తక్కువే ఉండొచ్చు.) ఇప్పుడు 80ని 96తో భాగిస్తే 0.833. అంటే అదే వేడి కొత్తదానిలో దాదాపు 750 డాలర్ల గ్యాస్‌తో వస్తుంది. ఏడాదికి ఆదా 150 డాలర్లు. 8,200 ఆ లెక్కన తిరిగి రావాలంటే 54 ఏళ్లు దాటాలి. ఫర్నేస్ బతికేది సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు. ‘పాతబడ్డాక 80 శాతంది 60కి పడిపోతుంది’ అని కూడా అంటారు. బర్నర్లు శుభ్రంగా ఉండి, గ్యాస్ ప్రెషర్ సరిగ్గా ఉంటే అంతలా పడిపోదు. కాదంటే పొగని పరీక్షించే కంబశ్చన్ ఎనలైజర్ పెట్టి కొలిచి, ఆ ప్రింటవుట్ ఇమ్మనండి.

కాబట్టి నడుస్తున్న ఫర్నేస్‌ని గ్యాస్ ఆదా కోసం మార్చడం లెక్కకి నిలవదు. మార్చడానికి సరైన కారణాలు రెండు: ఒకటి ప్రాణభయం, రెండోది రిపేర్ల ఖర్చు కొత్తదాని సాలుసరి ఖర్చుని దాటడం.

ఆ సాలుసరి ఖర్చెంతో చూద్దాం. 8,200 డాలర్లని 18 ఏళ్లకి పంచితే ఏడాదికి 455 అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీ వచ్చేది కదా. 4 శాతం వడ్డీ కలిపి ఈఎంఐలా లెక్కేస్తే ఏడాదికి దాదాపు 650 అవుతుంది. గ్యాస్ ఆదా 150 తీసేస్తే 500. పాత ఫర్నేస్ ఒక ఏడాది ఎక్కువ నడిస్తే మీకు మిగిలేది ఈ 500. 700 డాలర్ల మోటారు 17 నెలలు నడిస్తే చాలు, డబ్బు వచ్చేసినట్టే. ఈ చలికాలం, వచ్చే చలికాలం గడిస్తే లాభంలో ఉన్నట్టు. రిపేరు ఖర్చుని వయసుతో గుణించి 5,000 దాటితే మార్చేయాలనే సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. దాని ప్రకారం 20 ఏళ్ల ఫర్నేస్‌లో మంట వెలిగించే 300 డాలర్ల ఇగ్నైటర్ పోయినా మొత్తం పారేయాలి. ఆ సూత్రం కొనేవాళ్లకంటే అమ్మేవాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

అయితే ఈ లెక్కంతా హీట్ ఎక్స్ఛేంజర్ బాగుంటేనే. మంట ఒకవైపు, ఇంట్లోకి వచ్చే గాలి మరోవైపు ఉండేలా మధ్యలో అడ్డు నిలిచే లోహపు గది అది. పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. దానికి రిపేరు ఉండదు. ఆ భాగం ఒక్కటే మార్చడానికయ్యే కూలీ ఈ వయసు ఫర్నేస్ మీద పెట్టదగ్గది కాదు. చాలా కంపెనీల వారంటీ మొదటి యజమానికే పూర్తిగా వర్తిస్తుంది. మీరు రెండో యజమాని కాబట్టి సీరియల్ నంబర్‌తో ఒకసారి అడిగి చూడండి, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

మోటారు సంగతి తేల్చేముందే ఎక్స్ఛేంజర్‌ని పరీక్ష చేయించండి, అదీ ఫర్నేస్ అమ్మే ఆలోచన లేని రెండో టెక్నీషియన్‌తో. పగులుందంటే కెమెరా ఫొటో చూపించాలి. పొగగొట్టంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో రాసివ్వాలి. పొగలో కలిసిన అదనపు గాలిని తీసేసిన లెక్కన 400 పీపీఎం (పది లక్షల భాగాల్లో 400) దాటితే ప్రమాణాల ప్రకారం అది ఫెయిలైనట్టే. బ్లోయర్ ఆన్ అయిన క్షణంలో మంట ఊగుతోందా, రంగు మారుతోందా అన్నది మీరు కూడా పక్కన నిలబడి చూడొచ్చు. ఇంట్లో అలారం మోగడం లేదు కదా అని ధీమా వద్దు. మామూలు కార్బన్ మోనాక్సైడ్ అలారం 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల దాకా మోగకుండా ఉండేలానే తయారవుతుంది. దాని వెనక తయారీ తేదీ చూడండి. దాని ఆయుష్షు కూడా పదేళ్ల లోపే. పగులు నిజమైతే ఈ ఉత్తరంలో మిగతా లెక్కలన్నీ పక్కనపెట్టి మార్చేయండి.

ఇప్పుడు మోటారు. ‘బలహీనపడింది’ అంటే ఏం కొలిచి చెప్పారు? ఈ వయసు ఫర్నేసుల్లో ఎక్కువగా ఉండేది కెపాసిటర్ సాయంతో నడిచే పీఎస్‌సీ రకం మోటారు. దాని పక్కనే ఓ చిన్న కెపాసిటర్ ఉంటుంది. మోటారు హమ్మంటూ నెమ్మదిగా లేస్తోందంటే చాలాసార్లు దోషం కెపాసిటర్‌దే. అది చాలా చవకైన భాగం. దాని మీద రాసిన సామర్థ్యానికి (మైక్రోఫారడ్‌లలో ఉంటుంది), మీటర్‌లో వచ్చిన అంకెకి ఎంత తేడా ఉందో అడగండి. మోటారు లాగుతున్న ఆంపియర్లు నేమ్‌ప్లేట్ మీది అంకెని దాటుతున్నాయా అన్నది రెండో ప్రశ్న. బ్లోయర్ చక్రం రెక్కల్లో దుమ్ము పేరుకుంటే గాలి తగ్గిపోతుంది, చూసేవాళ్లకి మోటారే అరిగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఫర్నేస్ లోపలికి వెళ్లే గాలికి, బయటికొచ్చే గాలికి ఉష్ణోగ్రత తేడా కూడా కొలిపించండి. ఎంత ఉండాలో నేమ్‌ప్లేట్ మీదే ఉంటుంది, ఉదాహరణకి 40 నుంచి 70 ఫారన్‌హీట్ డిగ్రీలు. పై హద్దు దాటుతోందంటే గాలి చాలడం లేదు. ఫిల్టరో, డక్టో, మూసేసిన వెంట్లో కారణం కావచ్చు. ఆ కారణాన్ని వదిలేసి కొత్త మోటారు పెడితే అదీ త్వరగానే పోతుంది. పైగా ఆ అధిక వేడే ఎక్స్ఛేంజర్‌ని పగలగొడుతుంది. వాడని గదుల వెంట్లు మూసి గ్యాస్ ఆదా చేస్తున్నామనుకునేవాళ్లు ఈ ముక్క రెండోసారి చదవాలి.

కొలతలన్నీ మోటారునే చూపిస్తే 700 పెట్టి మార్పించండి. అక్కడితో ఒక గీత గీసుకోండి: ఇకపై రిపేర్లు ఏడాదికి సగటున 500 దాటితే కొత్తదే. ఫ్లేమ్ సెన్సర్ శుభ్రం చేయడం, ఇగ్నైటర్, ప్రెషర్ స్విచ్ లాంటివి ఆ గీతలోపే ఉంటాయి. పొగని బయటికి లాగే ఇండ్యూసర్ మోటారు, కంట్రోల్ బోర్డు ఒకే ఏడాదిలో పోతే గీత దాటేసినట్టే. ఈ గీత ఇప్పుడే ఎందుకంటే, జనవరి రాత్రి ఇల్లు గడ్డకట్టుకుపోతుంటే ఎవరూ మూడు కొటేషన్లు తీసుకోరు.

ఇంకో సంగతి, మీ ఏసీ వయసు 11. ఫర్నేస్‌ని మూడు నాలుగేళ్లు లాగగలిగితే రెండూ ఒకేసారి మార్చే వీలుంటుంది. అప్పుడు ఏసీ బదులు హీట్‌పంప్ (వేసవిలో చల్లదనం, చలికాలంలో వేడి రెండూ ఇచ్చే యంత్రం) పెట్టి, బాగా చలి ముదిరినప్పుడు మాత్రం గ్యాస్ ఫర్నేస్ అందుకునేలా చేసుకోవచ్చు. ఇవాళ ఒక్క ఫర్నేస్‌నే మారిస్తే, కొన్నేళ్లకి ఏసీ పోయినప్పుడు ఫర్నేస్ పైనున్న ఏసీ కాయిల్ కోసం మళ్లీ అంతా విప్పాలి, కూలీ రెండుసార్లు. పైగా 2025 నుంచి ఇళ్లకి వాడే కొత్త ఏసీలు ఆర్-32, ఆర్-454బీ లాంటి వేరే శీతలీకరణ గ్యాస్‌లతో వస్తున్నాయి. పాత ఆర్-410ఏ కాయిల్‌తో వాటిని కలపడం కుదరదు.

ఎప్పుడు మార్చినా సైజు విషయంలో పాతది చూసి కొత్తది ఇవ్వనివ్వకండి. ఈ చలికాలంలో 5 నుంచి 10 ఫారన్‌హీట్ డిగ్రీలున్న ఒక రాత్రి, గంటలో ఎన్ని నిమిషాలు బర్నర్ వెలిగిందో చూడండి. థర్మోస్టాట్ యాప్‌లో ఈ లెక్క చాలాసార్లు దొరుకుతుంది. 30 నిమిషాలే వెలిగిందనుకోండి: మీ ఫర్నేస్ ఇచ్చేది 80,000లో 80 శాతం, అంటే గంటకి 64,000 బీటీయూ. సగం సమయమే నడిచింది కాబట్టి ఇంటికి కావాల్సింది 32,000. 96 శాతం ఏఎఫ్‌యూఈ ఉన్న 40,000 బీటీయూ ఫర్నేస్ 38,400 ఇస్తుంది, సరిపోతుంది. కాంట్రాక్టర్‌ని మాన్యువల్ జె లెక్క (ఇంటికి ఎంత వేడి కావాలో తేల్చే ప్రామాణిక పద్ధతి) చేయమనండి, మీ అంకెతో పోల్చి చూడండి. అయితే చిన్న ఫర్నేస్‌లో బ్లోయర్ కూడా చిన్నదై ఉండొచ్చు. ఏసీకి టన్నుకి సుమారు 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి కావాలి. మూడు టన్నులైతే 1,200. అంత గాలి తోసే మోడల్ అడగాలి.

8,200 కొటేషన్‌లో ఏముందో కూడా వరసగా రాసివ్వమనండి. అన్నిటికంటే ముందు అడగాల్సింది వాటర్ హీటర్ గురించి. 80 శాతం ఫర్నేస్, మామూలు గ్యాస్ వాటర్ హీటర్ తరచూ ఒకే చిమ్నీలోకి పొగ వదులుతాయి. 96 శాతంది పీవీసీ పైపుతో గోడలోంచి బయటికి వెళ్లిపోతుంది. అప్పుడు ఆ పెద్ద చిమ్నీలో వాటర్ హీటర్ ఒంటరిగా మిగిలిపోతుంది. దాని కాస్త వేడికి చిమ్నీ వేడెక్కదు, పొగ పైకి లాగబడదు, వెనక్కి ఇంట్లోకే రావచ్చు. చిమ్నీలో సరైన సైజు లైనర్ వేయడమో, హీటర్ మార్చడమో చేయాలి. చవక కొటేషన్లలో కనిపించకుండా పోయేది సాధారణంగా ఇదే. దాంతోపాటు పర్మిట్, ఇన్‌స్పెక్షన్, పొగ చల్లబడి చేరే కండెన్సేట్ నీళ్లు పోయే దారి, కూలీ వారంటీ ఎన్నేళ్లు అన్నవీ ఉండాలి. బిగించాక కంపెనీ చెప్పిన గడువులోగా రిజిస్టర్ చేయకపోతే విడిభాగాల వారంటీ చాలా బ్రాండ్లలో పదేళ్ల నుంచి ఐదుకి పడిపోతుంది.

ఇక డబ్బు ఎక్కడినుంచి? మీ ఎమర్జెన్సీ ఫండ్ రెండున్నర నెలలకే వస్తుంది. హెచ్-1బీలో ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. అలాంటప్పుడు 8,200 తీసేసి చేతిలో ఒక నెల ఖర్చుతో మిగలడం నాకు ఏమాత్రం నచ్చదు. 700 మాత్రం అందులోంచి తీయండి. వచ్చే నెల నుంచి విడిగా ఒక హై యీల్డ్ సేవింగ్స్ ఖాతా తెరిచి నెలకి 340 వేయండి. రెండేళ్లలో 8,160 అవుతుంది, వడ్డీ అదనం. నెలకి 340 వేయడం కష్టంగా ఉందంటే, అదే ఫర్నేస్‌ని 18 నెలల వాయిదాలో నెలకి 456 కట్టడం మరీ కష్టం.

ఆ ‘వడ్డీ లేదు’ ఆఫర్ కాగితంలో ‘డిఫర్డ్ ఇంటరెస్ట్’ అనే మాట వెతకండి. ఉంటే అది వడ్డీ మాఫీ కాదు, వాయిదా మాత్రమే. రేటు 29.99 శాతం అనుకుందాం. 18 నెలల చివర 500 డాలర్లు బాకీ మిగిలినా, మొదటి రోజు నుంచీ పేరుకున్న దాదాపు 2,000 డాలర్ల వడ్డీ ఒక్కసారిగా మీ మీద పడుతుంది. కనీస వాయిదా మాత్రమే కడుతూ పోతే సాధారణంగా గడువులో అప్పు తీరదు. నిజంగా సున్నా వడ్డీయే అయితే, రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తేడాయే అసలు వడ్డీ. 401(కే) రిటైర్మెంట్ ఖాతా జోలికి వెళ్లవద్దు: 59½ ఏళ్ల లోపు ఉపసంహరణకి పన్నుతోపాటు మామూలుగా 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది.

డిసెంబర్ ప్రయాణం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో ఎక్కువ ఖరీదైన విషయం అదే. మూడు వారాలు ఎవరూ లేని ఇంట్లో ఫర్నేస్ ఆగితే పైపులు పగిలి, జరిగే నష్టం 8,200ని సులువుగా దాటుతుంది. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటికి షరతు ఒకటుంది: ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వేడి ఉంచేలా తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలి, లేదా నీళ్లు కట్టేసి పైపులు ఖాళీ చేసి ఉండాలి. లేకపోతే క్లెయిమ్ తిరస్కరించొచ్చు. కాబట్టి వెళ్లేముందు మెయిన్ వాల్వ్ కట్టేసి, కింది అంతస్తులో ఉన్న కుళాయి తిప్పి పైపుల్లో నీళ్లు వదిలేయండి. వాటర్ హీటర్‌ని వెకేషన్ మోడ్‌లో పెట్టండి. థర్మోస్టాట్ 55 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర ఉంచి, 50కి పడితే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా చూసుకోండి. ఫిల్టర్ కొత్తది వేయండి. తాళంచెవి ఒకటి దగ్గర్లో ఉన్న స్నేహితులకిచ్చి, మోటారు బిగించిన కంపెనీ నంబరు కూడా వాళ్ల దగ్గర పెట్టండి. మోటారు మార్పించేది ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు అయ్యేలా చూడండి. కొత్త భాగంలో లోపముంటే మీరు ఇంట్లో ఉన్నప్పుడే బయటపడాలి.